పోలేరమ్మ రెండు జతల కమ్మలు

పోయిన మనిషి పేరు చెప్పుకుని బతికున్నవాళ్ళు కొట్లాడుకోవడం లోకంలో కొత్తేమీ కాదు. ఎక్కడైనా అది పొలం గట్టు దగ్గరో, ఇంటి గోడ దగ్గరో మొదలవుతుంది. సుజాతకూ ఆమె ఆడబిడ్డ కాశమ్మకూ మాత్రం చెవుల దగ్గర మొదలైంది.

అదీ ఎప్పుడనుకున్నారు? పోలేరమ్మ సంవత్సరీకం రోజున. పోలేరమ్మ అంటే సుజాతకు అత్త, కాశమ్మకు కన్నతల్లి. గిద్దలూరు పక్క పల్లెలో వాళ్ళ ఇంటి ముందర షామియానా వేశారు. ఒక మూల బాణలిలో వడలు వేగుతున్నాయి. దొనకొండ నుంచి పొద్దున రైలుకు వచ్చిన కాశమ్మ ఆటో దిగింది. కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు తీసుకుని సుజాత ఎదురుపోయింది. ఇద్దరూ ఒకరి చెవుల వైపు ఒకరు చూసుకున్నారు. అంతే, చెంబు సుజాత చేతిలోనే ఉండిపోయింది.

ఇద్దరి చెవులకూ అవే కమ్మలు. మధ్యలో ఒక పెద్ద ఎర్రరాయి, దాని చుట్టూ ఆరు చిన్నవి, అంచుకు ఆవగింజల్లాంటి బంగారు గుళ్ళు. అచ్చు గుద్దినట్టున్నాయి. ఇద్దరూ ఏడాది ఆగి ఆ రోజే మొదటిసారి పెట్టుకున్నారు.

“అవి నీకెట్ల వచ్చినాయి వదినా?” అంది కాశమ్మ.

“అత్త ఇచ్చింది. మరి నీకు?”

“మా అమ్మ ఇచ్చింది. వాళ్ళమ్మ కమ్మలియి. నా పెండ్లప్పుడు చేతిలో పెట్టి, ఎవరికీ చెప్పొద్దు, నేను పోయినాక పెట్టుకో అన్నది.”

“నాకూ అదే మాట చెప్పింది” అంది సుజాత.

వడలు వేస్తున్న రంగమ్మ, ఆ వీధిలో ఏ ఇంటి శుభమైనా అశుభమైనా ఆమె చేతి మీదే జరగాలి, జల్లిగంటె పట్టుకునే వచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “ఇందులో ఒక జత అసలుది, ఒక జత నకలుదిలే” అని తీర్పు చెప్పేసి వడల దగ్గరికి పోయింది. అడగని తీర్పులు ఎప్పుడూ అంత తొందరగానే వస్తాయి.

కాశమ్మ చెంబు అందుకోలేదు. “అసలుది కూతురికిస్తారా, కోడలికిస్తారా? దీనికి అడగాల్సిన పనేముంది?” అంది, లోపలికి నడుస్తూ. ఆ రోజంతా మళ్ళీ వదినతో మాట్లాడలేదు. తిన్నాననిపించి, సాయంత్రం బండికే వెళ్ళిపోయింది.

సుజాత పడిన బాధ బంగారం గురించి కాదు. అది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

సుజాతకు తల్లి లేదు. పలకా బలపం పట్టకముందే పోయింది. నాయన కూలికిపోయి పెంచాడు. పెళ్ళిలో ఆ పిల్ల చెవులకు పెట్టింది రోల్డుగోల్డు కమ్మలు. మూడు రోజులకే చెవులు వాచి చీము పట్టాయి. అత్తగారింట్లో చెబితే నాయన పరువు పోతుందని కొంగు కప్పుకుని తిరిగింది. పోలేరమ్మ ఒకరోజు కొంగు లాగి చూసింది. కోడలిని నీడన కూర్చోబెట్టి, ఆ కమ్మలు మెల్లగా తీసి, పసుపూ నూనే కలిపి రాసి, రంధ్రాలు పూడిపోకుండా వేపపుల్లలు తుంచి పెట్టింది. పుండు మానేదాకా రోజూ పొద్దున్నే పుల్లలు మార్చింది. ఆ యేడు మిరప డబ్బు రాగానే కొడుకు చేత చిన్న పోగులు కొనిపించింది.

ఆ రోజుల్లోనే ఒకసారి, పుల్ల మారుస్తుంటే నొప్పికి సుజాత నోటి నుంచి “అమ్మా” అని వచ్చింది. నొప్పికి అనే అమ్మా కాదది. పిలిచిన అమ్మా. అప్పటికి పెళ్ళి కాని కాశమ్మ అక్కడే ఉంది. “మా అమ్మను నువ్వు అమ్మా అంటావేంది వదినా?” అని పకపకా నవ్వింది. పక్కింటి పిల్లలూ నవ్వారు. చిన్నపిల్ల, ఏదో సరదాకు అంది. కానీ సుజాత ఆ తర్వాత ఎప్పుడూ “అత్తా” అనే పిలిచింది. పక్షవాతం వచ్చి పోలేరమ్మ మంచాన పడ్డాక ఎత్తి కూర్చోబెట్టి, కడిగి, ముద్దలు పెట్టినన్నాళ్ళూ “అత్తా, నోరు తెరువు” అనే అంది. లోపల ఏమనుకుందో ఆమెకే తెలుసు.

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. ఈ ఇద్దరూ ఒక కప్పు కిందే ఉండి ఆ సామెతకు పని లేకుండా చేశారు.

సుజాతకు పెద్దబ్బాయి పుట్టినప్పుడు పోలేరమ్మ బాలింత మంచం పక్కన కూర్చుని ఒక గుడ్డమూట తీసింది. అందులో ఈ కమ్మలు, రెండూ ఒక దారంతో కట్టి ఉన్నాయి. “మా అమ్మ కమ్మలు. నీకే. కాశమ్మకు చెప్పొద్దు. నేను పోయినాక పెట్టుకో” అంది. సుజాత ఆ మూటను బీరువాలో అడుగున పెట్టుకుంది. ఇంట్లో ఎవరైనా ఒక మాట అన్నప్పుడు, మొగుడు కసురుకున్నప్పుడు, ఆ మూట ఉందిలే అనుకుని ఊరుకునేది. అత్త తనను కోడలిగా కాదు, కూతురిగా చూసుకుందనడానికి ఆమె దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే.

ఇప్పుడు ఆ సాక్ష్యం నకలుదని తేలితే? బాలింతను మురిపించడానికి అత్త ఒక అబద్ధం చెప్పిందని తేలితే? ఇదీ సుజాత బాధ.

“పోయినామెతో ఇప్పుడు పంచాయితీ ఏంది?” అన్నాడు భర్త వెంకటసుబ్బయ్య. “కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడతాది. ఊరుకో.”

“నేను ఎవరితోనూ పంచాయితీ పెట్టడం లే. నాకు తెలియాల, అంతే.”

ఊరుకోమన్నవాడు ఊరుకున్నాడు. సుజాత ఊరుకోలేదు. ఎర్రగా ఉంటే పాత బంగారం అని ఆడవాళ్ళు అంటారు గదా, కమ్మలు రెండూ ఎండలో పెట్టి చూసింది. రెండూ ఒకే ఎరుపు. గిద్దలూరు బజారులో కొత్తగా పెట్టిన నగల దుకాణానికి తీసుకుపోయింది. వాళ్ళు మిషన్‌లో పెట్టి, “రెండూ ఒకటే బంగారం అక్కా” అన్నారు. “వయసు?” అని అడిగింది. “మిషన్ వయసు చెప్పదు. పాత బజారులో వీరబ్రహ్మాచారి ఉండాడు, ఆయన చెప్తాడేమో” అన్నారు.

వీరబ్రహ్మాచారికి కంటి ఆపరేషను అయింది కానీ నోటికి ఏ ఆపరేషనూ కాలేదు. కొత్త నగలు చేయించేవాళ్ళు తగ్గిపోయి, విరిగినవి అతకడం, మరలు బిగించడం తప్ప పని లేదు. అందుకని మనిషి దొరికితే వదలడు. సుజాత కమ్మలు బల్ల మీద పెట్టగానే అందుకోకుండా, “ముందు నువ్వు చెప్పు. పాతవా, కొత్తవా?” అన్నాడు.

“ఎర్రగా ఉండాయి గదా మామా. పాతవేమో.”

“ఎర్రగా ఉంటే రాగి ఎక్కువున్నట్టమ్మా. పాతదయినట్టు కాదు. బంగారానికి వయసుండదు. కరిగిస్తే ఎంత ముసలి బంగారమైనా మళ్ళీ పసిబిడ్డే. వయసంతా చేసిన పనికీ, పెట్టుకున్న చెవికీ ఉంటాది.”

అప్పుడు ఒక కమ్మ తీసుకున్నాడు. భూతద్దం కంటికి పెట్టి, సెల్‌ఫోను లైటు వేయమని సుజాత చేతికి ఫోనిచ్చాడు. కమ్మను తిప్పి వెనక వైపు గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. “లోపల లక్క పోసినారు. మొద్దుగా పలుకుతాది, విను.” సుజాత విన్నది. ఏమీ వినపడలేదు గానీ తలూపింది. “రాళ్ళు చూడు. ఏ రాయికా రాయే. ఒకటి కొంచెం కోల, ఒకటి కొంచెం వంకర. చేత్తో సానపట్టిన రాళ్ళు ఇట్లనే ఉంటాయి, ఒక తల్లి పిల్లల్లాగ.”

తర్వాత వెనక మర ఊడదీసి, చెవిలో దూరే శీలను వెలుగులోకి పెట్టాడు. “ఇదిగో, ఇది చూడు. ఇప్పుడైతే శీలకు మర అచ్చుతో కోస్తాం. అప్పుడు అచ్చులు లేవు. శీల చుట్టూ సన్నతీగ చుట్టి అతికేవాళ్ళు. ఈ మర ఈ శీలకే పడతాది, ఇంకోదానికి పెడితే తిరగదు. మా నాయన కూడా ఈ పని చేయలేదు, మా తాతలు చేసినారు.”

“ఇంకోటి” అని శీల మొదట్లో వేలు పెట్టి చూపించాడు. అక్కడ ఒకవైపు మాత్రమే అరిగిపోయి, దారం పట్టేంత సన్నటి గాడి ఉంది. “మాటీలు తెలుసునా?”

సుజాతకు తెలుసు. కమ్మ బరువుకు చెవి సాగిపోకుండా, కమ్మ నుంచి పైకి జుట్టులోకి తగిలించే గొలుసులు. ఆమె నాయనమ్మకు ఉండేవి, ఇత్తడివి.

“ఆ మాటీ కొక్కెం రాసుకొని రాసుకొని పడిన గాడి ఇది. ఆకురాయితో ఇట్ల రాదు. ఒకామె ఏండ్లకేండ్లు తలూపుతా, నవ్వుతా, పొయ్యి ఊదుకుంటా తిరిగితే వస్తాది. ఇది నూరేండ్లకు అటూ ఇటూ ఉంటాదమ్మా. ఖాయంగా పాతది.”

సుజాతకు కళ్ళ ముందు అంతా ఒక్కసారి వెలుగొచ్చినట్టయింది. అత్త అబద్ధం చెప్పలేదు. అసలు కమ్మలు తనవే. వెంటనే ఫోను తీసి కాశమ్మకు చెప్పాలనిపించింది. విన్నావా, అసలుది కోడలికే ఇచ్చింది మీ అమ్మ, అని. అంత మంచి మనిషికీ ఆ క్షణంలో అలాగే అనిపించింది, దాచడం ఎందుకు?

ఆచారి రెండో కమ్మ తీసుకున్నాడు. భూతద్దం పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

“ఏంది మామా?”

“ఇది పాతది కాదమ్మా. ఇది నాది.”

సుజాతకు అర్థం కాలేదు.

“నా చేతి పని. మర అంచున ఇదిగో, చిన్న నొక్కు. నేను చేసిన ప్రతి మరకూ పెడతా. రాళ్ళు చూడు, మిషన్ కోత, చిన్నవి ఆరూ ఒక్కలాగుండాయి. శీలకు అచ్చుతో కోసిన మర. గాడి లేదు. మాటీ ఎప్పుడూ తగిలించలేదు దీనికి.” ఆయన భూతద్దం కింద పెట్టి సుజాత ముఖంలోకి చూశాడు. “మీ అత్త పేరు పోలేరమ్మ కదూ?”

“నీకెట్ల తెలుసు?”

“వేపపుల్లల పోలేరమ్మ. మరిచిపోతానా?”

ఆయన చెప్పింది ఇది. కూతురి పెళ్ళి కుదిరిందని పోలేరమ్మ ఒకరోజు వచ్చింది. తల్లి ఇచ్చిన పాత కమ్మలు జత బల్ల మీద పెట్టి, అచ్చం ఇలాంటిదే ఇంకో జత కావాలంది. బంగారం ఎక్కడిదమ్మా అంటే, తన చెవులకున్న దుద్దులు తీసి ఇచ్చింది. పెళ్ళినాటి దుద్దులు, బాగా బరువైనవి. బంగారం ఇచ్చినవాళ్ళు అది కరిగేదాకా ఎదురుగా కూర్చుని చూడడం అప్పటి వాడుక. అందరూ ఎక్కడ తగ్గిస్తారో అని చూస్తారు. పోలేరమ్మ మాత్రం మూసలో తన దుద్దులు కరిగి ఎర్రటి బొట్టుగా మారేదాకా చూసి, “పాతదాని రంగు రావాల ఆచారీ. నా కోడలూ నా కూతురూ పక్కపక్కన నిలబడితే తేడా తెలియగూడదు” అంది. లేచి, దుకాణం ఎదురుగా ఉన్న వేపచెట్టు పుల్ల తుంచి రెండు ముక్కలు చేసి, చెవులకు పెట్టుకుని ఇంటికి పోయింది.

“అందుకే మిషన్ వాళ్ళు రెండూ ఒకటే అన్నారు. పాతదాని పాళ్ళు చూసి కలిపినా నేను. కానీ ఒకటి నాకు తెలియడం లేదమ్మా. నేను పాత జత పాత జతగా, కొత్త జత కొత్త జతగానే ఇచ్చినా. కలిసిపోతాయని పాతవాటికి పసుపు దారం, కొత్తవాటికి తెల్ల దారం కట్టి మరీ ఇచ్చినా. ఇందులో ఒకటి పాతది, ఒకటి కొత్తది ఎట్ల వచ్చింది నీకు? కండ్లు కనపడక మార్చి పెట్టిందేమో పాపం.”

సుజాత సంచిలోంచి ఆ గుడ్డమూట తీసింది. అత్త ఇచ్చినప్పటి గుడ్డే. కమ్మలకు కట్టిన దారం కూడా అందులోనే పారేయకుండా దాచింది. దాన్ని బల్ల మీద సాగదీసి పెట్టింది. సగం దూరం వెలిసిన పసుపు. సగం దూరం మాసిన తెలుపు. మధ్యలో, రెండు దారాలనూ కలిపి గట్టిగా వేసిన ముడి.

ఆచారి ఆ ముడిని చూశాడు. “కండ్లు బాగానే కనపడినాయి” అన్నాడు.

పోలేరమ్మ రెండు జతలూ విప్పి, పాతదొకటి కొత్తదొకటి కలిపి, కూతురికొకటి కోడలికొకటి చేసింది. పసుపు దారం తెంచి ఇద్దరికీ పంచింది, తెల్ల దారం తెంచి ఇద్దరికీ పంచింది. ఎవరికీ ఎక్కువ లేదు, ఎవరికీ తక్కువ లేదు. సుజాత ఆ బల్ల దగ్గరే కూర్చుని ఏడ్చింది. ఆచారి అడ్డుచెప్పలేదు. లోపలికి కేకేసి మంచినీళ్ళు తెప్పించాడు.

ఏడుపు కమ్మల గురించి కాదు, వేపపుల్లల గురించి. అత్త చెవులకు దుద్దులు లేకపోవడం సుజాత అప్పట్లోనే చూసింది. ఏమైనాయత్తా అంటే, “నీకు మాదిరే నాకూ చెవులకు పడడం లేదు” అంది. రోల్డుగోల్డు పడకపోవడం విన్నాం గానీ బంగారం పడకపోవడం ఎక్కడైనా ఉందా? సుజాత ఆ మాట నమ్మింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ పోలేరమ్మ చెవుల్లో పుల్లలే. మంచాన పడ్డాక వాటిని మార్చింది సుజాతే. వారానికోసారి లేత పుల్ల తెచ్చి, తుంచి, కొసలు నున్నగా చేసి పెట్టేది. పెడుతున్నప్పుడు అత్త కోడలి ముఖంలోకే చూస్తూ ఉండేది, ఒక వైపు మూతితో నవ్వుతూ. ఎందుకు నవ్వుతోందో సుజాతకు ఇన్నాళ్ళకు తెలిసింది.

మరుసటి రోజు పొద్దున సుజాత దొనకొండ రైలెక్కింది. వెంకటసుబ్బయ్య, “ఆమె మాట్లాడకపోతే?” అన్నాడు. “మాట్లాడకపోతే చూపించి వస్తా” అంది. కంభం పోయింది, తర్లుపాడు పోయింది, మార్కాపురం రోడ్డు స్టేషనులో సగం బండి దిగిపోయింది. రెండు పక్కలా కంది చేలు. సుజాత మూటను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసి కూర్చుంది.

కాశమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. వదినను చూసి చేట ఆపింది. ముఖం ముడుచుకుంది. అయినా లేచి, లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టింది. చేతికివ్వలేదు గానీ పెట్టింది. పగవాళ్ళొచ్చినా కాళ్ళకు నీళ్ళివ్వడం పోలేరమ్మ నేర్పిన పద్ధతి.

“కాశమ్మా, నీ కమ్మలు ఒకసారి తీసుకురా. ఒక్కటి చూపిస్తా. చూసినాక నన్ను పొమ్మంటే పోతా.”

“నావి అసలువని చూపించడానికి రావాల్నా అంత దూరం నుంచి?”

“తీసుకురా.”

తెచ్చింది. సుజాత తన పాత కమ్మ మర ఊడదీసి, శీల మొదట్లో గాడి చూపించింది. మాటీ సంగతి చెప్పింది. “ఇప్పుడు నీవి చూడు.” కాశమ్మ ఒకటి విప్పి వెలుగుకు పెట్టింది. గాడి ఉంది. “చూడు, నేను చెప్పలే” అని నవ్వబోయింది. రెండోది విప్పింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. పైటకొంగుతో తుడిచి మళ్ళీ చూసింది. శీల నున్నగా ఉంది.

“దీనికి లేదే వదినా.”

“నావాట్లో కూడా ఒకదానికే ఉండాది.”

కాశమ్మ నాలుగు కమ్మలనూ అరుగు మీద పక్కపక్కన పెట్టి చూసింది. సుజాత దారం తీసి ఆమె చేతిలో పెట్టింది. ఆచారి చెప్పిందంతా చెప్పింది. దుద్దుల దగ్గరికి వచ్చేసరికి కాశమ్మ, “ఏ దుద్దులు?” అని గట్టిగా అడిగింది.

“అత్త పెండ్లినాటి దుద్దులు. అవి కరిగించే ఈ కొత్తవి చేయించింది.”

కాశమ్మ చేట పక్కకు నెట్టి అరుగు మీద కూలబడింది.

“అవి నువ్వు తీసుకున్నావనుకున్నా వదినా” అంది, నేల చూపులు చూస్తూ. “నా పెండ్లికి ముందు అమ్మ చెవులకు ఉండె. పెండ్లిలో చూస్తే లేవు. అడిగితే పడడం లేదన్నది. బంగారం పడకపోవడం ఏందని, కోడలికి ఇచ్చేసి నాకు అబద్ధం చెప్తాందని అనుకున్నా. ఇన్నేండ్లూ అట్లనే అనుకున్నా. వచ్చినప్పుడల్లా నీ చెవులు చూసేదాన్ని.”

“చీరలు చూస్తా అని నా బీరువా అంతా తీసేదానివి, అందుకేనా?”

“అందుకే.”

సుజాతకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది. కాశమ్మ ముందు ఉక్రోషంగా చూసి, తర్వాత తానూ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. “మంచం మీద ఉన్నప్పుడు కూడా ఒక మాట చెప్పలేదు వదినా. పుల్లలు పెట్టుకునే పోయింది” అంది. సుజాత ఆమెను దగ్గరికి తీసుకుంది. వాకిట్లో కందుల దగ్గరికి కోళ్ళు వచ్చాయి. ఇద్దరిలో ఎవరూ అదిలించలేదు.

కాసేపటికి కాశమ్మ ముక్కు చీదుకుని, తన పాత కమ్మ తీసి సుజాత అరచేతిలో పెట్టింది. “పాత జత రెండూ నువ్వే పెట్టుకో. అమ్మను ఎత్తి దించింది నువ్వు. నేను చుట్టం చూపుగా వచ్చి పోయినా. కొత్తవి రెండూ నాకియ్యి.”

“ఏమీ వద్దు.” సుజాత ఆ కమ్మను తిరిగి ఆమె చేతిలోనే పెట్టి వేళ్ళు మూసింది. “పాతదానికోసమే కొట్లాడుకున్నాం గదా మనం. నాకు ఇప్పుడు ఆ కొత్తదే ముందు. అది అత్త చెవుల్లో ఉండిన బంగారం. నేను ఇయ్యను.”

కాశమ్మ ఆ మాట విని తన కొత్త కమ్మను మరోసారి తీసి చూసుకుంది. దాన్ని చెంపకు ఆనించుకుంది.

తర్వాత వదినను వెలుగు వైపు తిప్పి కూర్చోబెట్టి, “కదలొద్దు” అని తానే కమ్మలు పెట్టింది. కుడి చెవికి పాతది. ఎడమ చెవికి కొత్తది. చెవి తమ్మె పట్టుకున్న ఆ చేయి అచ్చం పోలేరమ్మ చేయిలాగే ఉంది, పొట్టి వేళ్ళు, వెచ్చటి అరచేయి. ఎప్పుడో తాను నవ్విన నవ్వు కాశమ్మకు గుర్తులేదు. సుజాత గుర్తుచేయలేదు. అన్నం తినకుండా పోనివ్వలేదు కాశమ్మ. స్టేషను దాకా వచ్చి కందిపప్పు మూట కట్టి బండెక్కించింది.

సాయంత్రం బండి పల్చగానే ఉంది. మార్కాపురం రోడ్డులో ఒక పెద్దావిడ ఎక్కి సుజాత ఎదురుగా కూర్చుంది. సర్దుకుని, సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని, కొంతసేపు సుజాత చెవుల వైపే చూసింది.

“కమ్మలు బాగుండాయమ్మా. ఈ కాలం పని మాదిరి లేదు. ఎవరియి?”

సుజాత కుడి చెవి తాకి చూపించింది. “ఇది మా అమ్మమ్మది.” ఎడమ చెవి తాకింది. “ఇది మా అమ్మది.”

ఆ మాట బయటికి వచ్చాక చుట్టూ చూసింది. పెద్దావిడ తలూపి, సంచిలోంచి వక్కాకు తీసుకుంది. కిటికీ పక్కన ఎవరో కునుకు తీస్తున్నారు. ఎవరూ నవ్వలేదు.